పసరు తాగితే కామెర్లు తగ్గాయి కదా తాతా?

పిల్లలూ,

మొన్న ఫోన్‌లో చిన్నోడు అడిగాడు, దేవరకొండ దగ్గర పసరు మందు పోస్తే మా దోస్తుకు కామెర్లు తగ్గినయ్, మరి డాక్టర్ దగ్గరికి ఎందుకు పోవాలె తాతా అని. ల్యాబ్‌లో రక్త పరీక్షలు చేస్తూ బతికిన మనిషిని కాబట్టి దీనికి జవాబు వివరంగానే రాయాలనిపించింది.

మన రక్తంలో పాతబడిన ఎర్రకణాలు విరిగినప్పుడు బిలిరుబిన్ అనే పసుపు పదార్థం వస్తుంది. దాన్ని బయటికి పంపేది కాలేయం. కాలేయం వాచిపోతే ఆ పసుపు ఒంట్లోనే నిలిచి కళ్లలో కనిపిస్తుంది. ఆ వాపు ఎందుకొచ్చిందన్నదే అసలు సంగతి. మురుగు కలిసిన నీళ్లతో వచ్చే హెపటైటిస్ (వైరస్‌తో వచ్చే కాలేయ వాపు) ఎ, ఇ రకాలు చాలామందిలో కొన్ని వారాల్లో వాటంతటవే తగ్గిపోతాయి, పసరు తాగినా తాగకపోయినా. (నిండు గర్భిణులకు మాత్రం ఈ ఇ రకం ప్రాణం మీదికి తెస్తుంది, వాళ్లను ఒక్క రోజు కూడా ఇంట్లో ఉంచొద్దు.) కొన్ని పసర్లు వాచిన కాలేయాన్ని ఇంకా దెబ్బతీస్తాయి, చేతి మీద పెట్టే వాతలతో మిగిలేది పుండే.

బి రకం అట్లా కాదు. అది రక్తంతో వస్తుంది, కాన్పులో తల్లి నుంచి బిడ్డకు వస్తుంది. పెద్దయ్యాక సోకితే నూటికి తొంభై అయిదు మందికి పైగా దాన్ని వదిలించుకుంటారు, కానీ పుట్టినప్పుడే సోకిన బిడ్డల్లో నూటికి తొంభై మందికి అది ఒంట్లోనే ఉండిపోతుంది. కళ్లు పచ్చబడవు, నొప్పి ఉండదు, ఏళ్ల తరబడి ఏమీ తెలియదు. ముప్పై, నలభై ఏళ్లకు కాలేయం గట్టిపడి, లేదా క్యాన్సర్ వచ్చి బయటపడుతుంది. దీని టెస్ట్ పాజిటివ్ అని రాసి కాగితం చేతికిచ్చేటప్పుడు ఎదుటి మనిషి ముఖం చూడలేకపోయేవాణ్ణి.

ఈ వైరస్ జాడ కనిపెట్టిన బరూచ్ బ్లంబర్గ్ అనే అమెరికా శాస్త్రవేత్త మొదట దీన్ని వెతకనే లేదు. ఒకే జబ్బు ఒక జాతి వాళ్లకు ఎక్కువగా, ఇంకో జాతి వాళ్లకు తక్కువగా ఎందుకొస్తుందో తెలుసుకోవాలని లోకమంతా రక్తం నమూనాలు పోగుచేశాడు. హీమోఫిలియా (రక్తం సరిగా గడ్డకట్టని జబ్బు) ఉండి చాలాసార్లు రక్తం ఎక్కించుకున్న ఒక రోగి సీరమ్‌ను (రక్తం గడ్డకట్టాక పైన తేలే నీరు) ఆ నమూనాలతో కలిపి చూస్తుంటే, ఆస్ట్రేలియా ఆదివాసీ ఒకరి రక్తం దగ్గర, రెండిట్లోని పదార్థాలు ఒకదాన్నొకటి పట్టుకున్న గుర్తుగా సన్నటి గీత పడింది. అదేమిటో ఎవరికీ తెలియదు, ఆస్ట్రేలియా యాంటిజెన్ (యాంటిజెన్ అంటే ఒంట్లోని రక్షణ వ్యవస్థ గుర్తుపట్టే పదార్థం) అని పేరు పెట్టి 1965లో ప్రచురించారు. వేరేవాళ్లయితే పక్కన పెట్టేసేవాళ్లేమో, ఆయన మాత్రం ఆ గీత ఎవరెవరిలో వస్తుందో చూస్తూ పోయాడు. ఆ ల్యాబ్‌లోనే పనిచేసే ఒక టెక్నీషియన్‌కు ఒంట్లో బాగోలేక తన రక్తం తనే పరీక్షించుకుంటే, అంతకుముందు లేని గీత కనిపించింది, తర్వాత ఆమెకు హెపటైటిస్ వచ్చింది. ఆమె సంగతి నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరించేలా ఉంటుంది, ఎందుకంటే అదే బల్ల ముందు, అదే రక్తంతో పని మాది కూడా.

ఆ గీత వైరస్ పైపొరదని తేలాక రక్తదానంలో పరీక్ష మొదలైంది. 1969లో బ్లంబర్గ్, ఇర్వింగ్ మిల్‌మన్ కలిసి టీకా తయారుచేసే పద్ధతి కనిపెట్టారు. 1976లో బ్లంబర్గ్‌కు నోబెల్ వచ్చింది. ఆయన పుట్టినరోజు జూలై 28నే ప్రపంచ హెపటైటిస్ దినంగా జరుపుతున్నారు. విదేశీ టీకా ఒక్క డోసే వందల రూపాయలు ఉన్నరోజుల్లో, 1997లో మన హైదరాబాద్ శాంతా బయోటెక్నిక్స్ చాలా తక్కువ ధరకు తెచ్చింది. అప్పుడే కూలీనాలీ చేసుకునేవాళ్ల పిల్లలకూ ఈ టీకా అందుతుందన్న నమ్మకం కలిగింది నాకు. ఇప్పుడు సర్కారు దవాఖానాలో ఉచితమే.

ఇంకో మాట. బి ఉన్న మనిషి పక్కన కూర్చుంటే, ఒకే కంచంలో తింటే, చెయ్యి కలిపితే రాదు. మీ క్లాసులో ఎవరికైనా ఉందని తెలిస్తే దూరం పెట్టకండి. బ్లేడు, వాడిన సూది మాత్రం ఎవరిదైనా సరే ముట్టుకోవద్దు.

పిన్నికి వచ్చే నెలలో కాన్పు కదా. బిడ్డ పుట్టిన 24 గంటల్లోపే హెపటైటిస్ బి టీకా మొదటి డోసు వేయించాలని బాబాయికి చెప్పండి, నేనూ ఫోన్ చేస్తాను.

మీ తాత,
నల్గొండ