తోకకి దెబ్బ తగిలిన కుక్క: రోజూ వినే అపోహలు, అసలు సంగతులు

కుక్క తోకకి దెబ్బ తగిలిందని వచ్చేవాళ్ళలో చాలామంది రక్తం చూసి హడలిపోయి వస్తారు. పశువైద్యుడిగా నాకు మాత్రం చుక్క రక్తం లేకుండా మొదలు దగ్గర్నుంచే వేలాడిపోయిన తోకని చూస్తేనే ఎక్కువ కంగారు. ఈ తేడా తెలియక ఇంట్లోనే రోజులు గడిపేస్తున్నారు, అందుకే రాస్తున్నా.

అపోహ: రక్తం ఎక్కువ కారితేనే సీరియస్.

వాస్తవం: ల్యాబ్రడార్, గ్రేట్ డేన్ లాంటివి మనల్ని చూసిన సంతోషంలో తోకని గోడకీ గేటుకీ కొట్టుకుని చివర చిట్లగొట్టుకుంటాయి, హ్యాపీ టెయిల్ అంటారు దీన్ని. ఊపినప్పుడల్లా రక్తం గోడల మీద చిమ్ముతుంది, చూస్తే భయమేస్తుంది. శుభ్రమైన గుడ్డతో 5 నుంచి 10 నిమిషాలు వదలకుండా నొక్కి పట్టుకోండి, చాలావరకు ఆగిపోతుంది, మధ్యలో ఎత్తి చూస్తే గడ్డకట్టింది కాస్తా ఊడొస్తుంది.

అసలు ప్రమాదం తోక మొదట్లో. బండి చక్రం తోక మీదకి ఎక్కినా, ఎవరైనా పట్టుకుని గట్టిగా లాగినా, తలుపులో ఇరుక్కుని కుక్కే లాక్కున్నా అక్కడి నరాలు సాగిపోతాయి, మూత్రం, మలం అదుపులో ఉంచే నరాలు కూడా ఆ దగ్గర్లోనే ఉంటాయి. పైకి గాయమే కనబడదు. తోక కదపదు, గిల్లినా తెలీదు, నడుస్తుంటే మూత్రం చుక్కలు చుక్కలుగా పడుతుంది. ఇక్కడే చాలామంది పొరబడతారు, మూత్రం పోస్తూనే ఉంది కదా డాక్టర్ గారూ అంటారు, కానీ మూత్రాశయం నిండిపోయి ఎటూ వెళ్ళలేక అలా పొంగి కారుతుండొచ్చు. అలా ఉంటే ఆ రోజే తీసుకెళ్ళాలి, రేపు చూద్దాం అనుకోవద్దు, ఎందుకంటే మూత్రాశయం అలాగే ఉబ్బి ఉంటే దాని కండరం కూడా దెబ్బతింటుంది.

అపోహ: తోక వేలాడిందంటే ఎముక విరిగినట్టే.

వాస్తవం: అన్నిసార్లూ కాదు. చల్లటి నీళ్ళలో బాగా ఈత కొట్టినా, అలవాటు లేకుండా గంటలు గంటలు పరిగెత్తినా తోక కండరాలు పట్టేస్తాయి, ల్యాబ్రడార్లలో ఎక్కువ చూస్తాం. విశ్రాంతి ఇస్తే చాలావాటికి కొన్ని రోజుల్లోనే తగ్గుతుంది. అయినా ఒకసారి చూపించండి, ఏది కండరమో ఏది నరమో ఇంట్లో తేల్చుకోలేం.

అపోహ: కిరోసిన్, పెట్రోల్, ఫినాయిల్ పోస్తే గాయంలో పట్టిన పురుగులు చస్తాయి.

వాస్తవం: పురుగులతో పాటు చర్మమూ కాలిపోతుంది, పైగా కుక్క దాన్ని నాకి కడుపులోకి తీసుకుంటుంది. దయచేసి పొయ్యకండి. వానాకాలంలో తోక గాయం మీద ఈగ వాలిందంటే ఒకట్రెండు రోజుల్లోనే పురుగులు కనిపించొచ్చు, వీధికుక్కల్లో ఇది మరీ ఘోరం. వాటిని ఒక్కొక్కటీ ఫోర్‌సెప్స్‌తో తియ్యాలి, లోపల ఉన్నవాటికి డాక్టర్ మందు వేస్తారు. పసుపు అద్దడం అంత ప్రమాదం కాదు గానీ పసుపు పొర కింద చీము పడుతున్నా మనకి కనబడదు. ఇంట్లో చెయ్యగలిగింది సెలైన్‌తో కడగడం, పోవిడోన్ అయోడిన్‌ని పల్చటి టీ రంగు వచ్చేదాకా నీళ్ళలో కలిపి తుడవడం, అంతే.

అపోహ: నాకితే అదే మానిపోతుంది.

వాస్తవం: తోక చివరికి రక్తం సరఫరా ఎలాగూ తక్కువ, అందుకే మానడం ఆలస్యం. నాకుతూ కొరుకుతూ ఉంటే పుండు ఇంకా పెద్దదవుతుంది. నోరు తోకకి అందకుండా మెడకి కోన్ (గరాటులాంటి ప్లాస్టిక్ పట్టీ) పెట్టాల్సిందే, జాలిపడి తీసేస్తే రాత్రికి రాత్రే కట్టు నమిలేస్తుంది.

అపోహ: కట్టు ఎంత గట్టిగా కడితే అంత మంచిది.

వాస్తవం: బిగుతు కట్టుతో చివర నల్లబడి కుళ్ళిపోయిన తోకలు చూశాను, బాధేస్తుంది. రబ్బర్ బ్యాండ్ అస్సలు వాడొద్దు. కట్టు కింద తోక చల్లబడినా, వాచినా, వాసన వచ్చినా వెంటనే విప్పాలి. ఊపే కుక్కలకి గాలి ఆడేలా చిల్లులు పెట్టిన సిరంజి గొట్టం తొడుగులా పెడుతుంటాం, కట్టు అయితే తడవకూడదు.

అపోహ: మన నొప్పి బిళ్ళే సగం ఇస్తే చాలు.

వాస్తవం: వద్దు. ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ కుక్కలకి కడుపులో పుండ్లు తెస్తాయి, కిడ్నీల్ని దెబ్బతీస్తాయి, పారాసెటమాల్ మోతాదు తప్పితే లివర్‌కి ప్రమాదం.

టీటీ ఇంజెక్షన్ వేయండి అని కూడా అడుగుతుంటారు, కుక్కలకి ధనుర్వాతం చాలా అరుదు, మామూలుగా అవసరం పడదు. ఆ గాయం వేరే కుక్క కరిచి అయ్యిందైతే మాత్రం రేబీస్ టీకా సంగతి కచ్చితంగా అడగండి. నొప్పిలో మీ కుక్క మిమ్మల్ని కరిచినా సబ్బు, నీళ్ళతో 15 నిమిషాలు కడిగి ఆసుపత్రికి వెళ్ళండి, మన కుక్కే కదా అని ఊరుకోకండి.

అపోహ: తోక తీసేస్తే కుక్క బ్యాలెన్స్ పోతుంది, నడవలేదు.

వాస్తవం: ఇంట్లో పెరిగే కుక్కలు మామూలుగానే నడుస్తాయి, పరిగెడతాయి. గాయం మాని మళ్ళీ చిట్లి, మళ్ళీ మాని మళ్ళీ చిట్లి నెలల తరబడి సాగుతున్నా, చివర కుళ్ళినా కొంత తీసేయడమే దానికి సుఖం. మరీ చివర్లో కొంచెమే తియ్యమంటారు ఇంటివాళ్ళు, అలా తీస్తే మళ్ళీ అదే చోట గోడకి తగులుతుంది, అందుకే ఆరోగ్యంగా ఉన్న భాగం దాకా వెళ్ళి తీస్తాం. కుట్లు మామూలుగా 10 నుంచి 14 రోజుల్లో తీస్తాం, అప్పటిదాకా స్నానం వద్దు, కోన్ తియ్యొద్దు.