వెలుగు తగ్గితే అయాన్ దొరికినట్టేనా? కార్బన్ డాట్ సెన్సర్లు: అపోహలు - వాస్తవాలు

కార్బన్ డాట్లంటే కాంతి పడితే తిరిగి వెలిగే నానో కార్బన్ కణాలు. వాటి ద్రావణంలో ఫెర్రిక్ క్లోరైడ్ (ఐరన్ లవణం) వేస్తారు, ఫ్లోరెసెన్స్ (ఆ వెలుగు) పడిపోతుంది. వెంటనే "కార్బాక్సిల్ గ్రూపులకు ఐరన్ అతుక్కుంది, ఐరన్ సెన్సర్ తయారైంది" అని రాసేస్తారు. ఈ రంగంలో కొత్తగా దిగినవాళ్ల నెలల శ్రమను మింగేస్తున్నది ఈ ఒక్క తొందరపాటే.

అపోహ: వెలుగు తగ్గిందంటే అయాన్ డాట్‌ను క్వెంచ్ చేసినట్టే, అంటే డాట్‌తో కలిసి దాని వెలుగును అణచినట్టే.

వాస్తవం: చాలాసార్లు అయాన్‌కు డాట్‌తో పనే ఉండదు. ఫెర్రిక్ అయాన్ 300-400 నానోమీటర్ల మధ్య కాంతిని తానే పీల్చుకుంటుంది. నీలంగా వెలిగే డాట్లను మనం ఎక్సైట్ చేసేదీ (వెలిగించడానికి కాంతి వేసేదీ) 340-360 దగ్గరే. డాట్‌కు అందాల్సిన కాంతిని ఐరన్ దారిలోనే పట్టేస్తే వెలుగు తగ్గక ఏమవుతుంది? ఇన్నర్ ఫిల్టర్ ఎఫెక్ట్ అంటే ఇదే.

లెక్క వేసి చూడండి. 1 సెంటీమీటర్ క్యువెట్‌లో (ద్రావణం పోసి కొలిచే పారదర్శక గిన్నెలో) ఎక్సైటేషన్, ఎమిషన్ (డాట్ వెలిగే) తరంగదైర్ఘ్యాల దగ్గరి అబ్జార్బెన్స్‌లను (ద్రావణం కాంతిని ఎంత పీలుస్తుందో చెప్పే అంకెలను) కూడి సగం చేయండి. ఆ సగాన్ని 10కి ఘాతంగా పెట్టి, వచ్చిన సంఖ్యతో తీవ్రతను గుణించండి. ఉదాహరణకు డాట్లు మాత్రమే ఉన్నప్పుడు తీవ్రత 1000, అబ్జార్బెన్స్‌లు 0.05, 0 అనుకుందాం. సవరిస్తే 1059. ఐరన్ వేశాక తీవ్రత 480, అబ్జార్బెన్స్‌లు 0.62, 0.06. సగం 0.34, గుణకం 2.188, సవరిస్తే 1050. గ్రాఫులో 52 శాతం పతనం కనిపిస్తోంది, అసలు క్వెంచింగ్ 1 శాతం కూడా లేదు. అబ్జార్బెన్స్ ఇంతకంటే బాగా పెరిగితే ఈ సూత్రాన్నీ నమ్మకండి. ద్రావణాన్ని పలచన చేయండి, లేదా 2-3 మిల్లీమీటర్ల క్యువెట్ వాడండి.

లెక్క మీద గురి కుదరకపోతే ఇంకో పరీక్ష ఉంది. డాట్ల క్యువెట్‌ను కదపకుండా, ఎక్సైటేషన్ కాంతి దారిలో దాని ముందు 5 మిల్లీమీటర్ల మందం ఉన్న క్వార్ట్జ్ క్యువెట్ నిలబెట్టండి. ముందు అందులో నీళ్లు పోసి రీడింగ్ తీయండి, తర్వాత అదే గాఢత ఐరన్ ద్రావణం పోసి తీయండి. రెండు ద్రావణాలూ కలవనే లేదు. అయినా వెలుగు దాదాపు అంతే పడిపోయిందంటే బంధం కథ అక్కడితో సరి.

"స్టెర్న్-వోల్మర్ గీత (అయాన్ గాఢత పెరిగేకొద్దీ వెలుగు ఎన్ని రెట్లు తగ్గిందో చూపే గ్రాఫు) తిన్నగా వచ్చింది కదా" అంటారు. తక్కువ గాఢతల్లో ఇన్నర్ ఫిల్టర్ కూడా అలాంటి గీతే ఇస్తుంది. "లైఫ్‌టైమ్ (ఎక్సైట్ అయిన డాట్ వెలుగు నిలిచే సమయం) మారలేదు కాబట్టి స్టాటిక్ క్వెంచింగ్ (అయాన్ ముందే డాట్‌కు అతుక్కుని వెలుగు ఆపడం)" అన్నదీ చాలదు, ఎందుకంటే ఇన్నర్ ఫిల్టర్‌లోనూ లైఫ్‌టైమ్ మారదు. ఈడీటీఏ (ఐరన్‌ను గట్టిగా పట్టుకునే రసాయనం) వేస్తే వెలుగు తిరిగొచ్చిందనేది కూడా రుజువు కాదు. ఐరన్-ఈడీటీఏ కాంప్లెక్స్ అబ్జార్ప్షన్ వేరుగా ఉంటుంది, ఆ మార్పు ఒక్కటే వెలుగును వెనక్కి తేగలదు. అబ్జార్బెన్స్ సవరణ ముందు, మిగతావన్నీ తర్వాత.

పనంతా వృథా అయిందని కంగారుపడేవాళ్లకు ఒక మాట. ఇన్నర్ ఫిల్టర్ మీద నడిచే సెన్సర్ కూడా సెన్సరే. ఆ మాట పేపర్‌లో సూటిగా రాయండి. దాచి "బంధం" అని రాస్తేనే చిక్కు. అయితే ఆ ప్రాంతంలో కాంతి పీల్చే ఏ పదార్థమైనా దాన్ని బోల్తా కొట్టిస్తుందని గుర్తుంచుకోండి.

పీహెచ్ సంగతి కూడా చూసుకోవాలి. ఫెర్రిక్ ద్రావణం ఆమ్లం, డాట్ మీది కార్బాక్సిల్, అమైన్ గ్రూపులు పీహెచ్‌కు స్పందిస్తాయి. ఐరన్ స్టాక్‌ను (ముందుగా చేసి పెట్టుకునే గాఢ ద్రావణాన్ని) 10 మిల్లీమోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో కలపండి. అంతే ఆమ్లం, ఐరన్ లేకుండా, బ్లాంక్‌లో (పోల్చి చూసే ద్రావణంలో) వేయండి. ఫాస్ఫేట్ బఫర్ వద్దు, ఐరన్ ఫాస్ఫేట్‌గా కింద కూర్చుంటుంది. పీహెచ్ 7.4 దగ్గర వేరే బఫర్లలోనూ ఐరన్, హైడ్రాక్సైడ్‌గా అవక్షేపం కావచ్చు, మసక కనిపిస్తే ఆ రీడింగ్ పారేయండి.

నీలంగా వెలిగిందల్లా కార్బన్ డాట్ అనుకోవడం ఇంకో అపోహ. సిట్రిక్ ఆమ్లం, ఇథిలీన్‌డయమైన్ కలిపి 200 డిగ్రీల దగ్గర ఉడికిస్తే దాదాపు 180 డాల్టన్ల (అణుభారం) చిన్న ఫ్లోరెసెంట్ అణువులు కూడా పుడతాయి. 500-1000 డాల్టన్ల కంటే చిన్న అణువులను మాత్రమే బయటికి వదిలే పొరలో డయాలిసిస్ చేయండి, నీళ్లు మారుస్తూ కనీసం 24 గంటలు. బయటి నీళ్లను 365 నానోమీటర్ల దీపం కింద చూడండి. వెలుగంతా అక్కడికే పోతుంటే మీరు కొలిచింది డాట్‌ను కాదు.

ఇక సెలెక్టివిటీ (ఏ అయాన్‌కు ఎంత స్పందిస్తుందో చూపే) బార్ చార్ట్. అన్ని అయాన్లనూ 100 మైక్రోమోలార్ చొప్పున వేసి "ఐరన్‌కే స్పందించింది" అంటే రక్తంలో ఏం జరుగుతుందో తెలియదు. అక్కడ సోడియం 140 మిల్లీమోలార్, అయనైజ్డ్ కాల్షియం 1.2 మిల్లీమోలార్ దగ్గర. సీరంలో ఐరన్ ఉండేది 10-30 మైక్రోమోలార్, అదీ దాదాపు మొత్తం ట్రాన్స్‌ఫెరిన్ అనే ప్రోటీన్ పట్టులో. సీరాన్ని 100 రెట్లు పలచన చేసి, అందులో మనమే ఐరన్ పోసి, 98 శాతం రికవరీ (పోసినదాంట్లో అంత మళ్లీ కొలతలో దొరికింది) అని రాస్తే తెలిసేది మన పిపెట్ సరిగ్గా ఉందని మాత్రమే. ముందు ఆమ్లంతో ఐరన్‌ను ప్రోటీన్ నుంచి విడిపించి, ప్రోటీన్ తీసేసి, అదే శాంపిల్‌ను అటామిక్ అబ్జార్ప్షన్, ఐసీపీ-ఎంఎస్ లాంటి లోహాలను కొలిచే ప్రామాణిక పద్ధతుల్లో ఒకదానితో కూడా కొలిచి, మీ సెన్సర్ ఫలితంతో పక్కపక్కన పెట్టండి.