పేగుపూతకు పథ్యం: అపోహలు - వాస్తవాలు

పేగుల్లో వాపు, పుండ్లు తెచ్చే పేగుపూత జబ్బులైన క్రాన్స్ వ్యాధి అనో, అల్సరేటివ్ కొలైటిస్ అనో తేలగానే నన్ను అడిగే మొదటి ప్రశ్న: "ఏమేం మానెయ్యాలి డాక్టర్?" ఏం తినాలని అడిగేవాళ్లు తక్కువ. భయంతో ఒక్కొక్కటీ మానేసి, ఆర్నెల్ల తర్వాత చిక్కి సగమై వచ్చేవాళ్లను చూస్తే నాకు చాలా బాధగా ఉంటుంది.

అపోహ: తిండి సరిగా లేకే ఈ జబ్బు వచ్చింది.

వాస్తవం: ఏ ఒక్క పదార్థమూ దీన్ని తెచ్చిపెట్టదు. జన్యువులు, పేగుల్లోని సూక్ష్మజీవులు, దారి తప్పిన రోగనిరోధక శక్తి, ఇలా చాలా కారణాలు కలుస్తాయి. ప్యాకెట్ ఆహారం ఎక్కువగా తినేవారిలో క్రాన్స్ కాస్త ఎక్కువని పరిశోధనల్లో కనిపిస్తున్న మాట నిజమే. అయినా "నా వంట వల్లేనా?" అని కుమిలిపోయే తల్లులకు నేను చెప్పేది ఒకటే: కాదమ్మా, మీ తప్పేం లేదు.

అపోహ: పీచు పుండ్లను గీరుతుంది, పూర్తిగా మానెయ్యాలి.

వాస్తవం: పీచును పెద్దపేగులోని బ్యాక్టీరియా పులియబెడితే బ్యూటిరేట్ అనే పదార్థం తయారవుతుంది. పెద్దపేగు లోపలి పొరలోని కణాలు ప్రధానంగా దాంతోనే బతుకుతాయి. జబ్బు అదుపులో ఉన్నవారు పీచు మానేస్తే ఆ కణాలకు తిండి తగ్గించినట్టే. పేగు ఒకచోట సన్నబడినవారి సంగతి వేరు. వాళ్లకు తొక్కలు, గింజలు, నారపోగులు అడ్డుపడే ప్రమాదం ఉంది. జబ్బు తిరగబెట్టిన రోజుల్లో కూరగాయలు తొక్క తీసి, మెత్తగా ఉడికించి తింటే చాలామందికి ఇబ్బంది ఉండదు.

అపోహ: ఉబ్బరం, నొప్పి తగ్గాయంటే జబ్బు తగ్గినట్టే.

వాస్తవం: నన్ను ఎక్కువ టెన్షన్ పెట్టేది ఇదే. ఫాడ్‌మ్యాప్ పదార్థాలు, అంటే పేగులో సులువుగా పులిసే కొన్ని పిండిపదార్థాలు, తగ్గిస్తే గ్యాస్, ఉబ్బరం తగ్గుతాయి. లోపలి వాపు మాత్రం తగ్గదు. పైకి హాయిగా ఉండి, లోపల పుండ్లు అలాగే ఉన్నవాళ్లున్నారు. అందుకే మలంలో కాల్‌ప్రొటెక్టిన్ (పేగు వాపును పట్టిచ్చే ప్రొటీన్) పరీక్ష చేయిస్తాం, అవసరమైతే కొలనోస్కోపీ, అంటే కెమెరా గొట్టంతో పెద్దపేగు లోపల చూసే పరీక్ష కూడా. బాగుంది కదా అని మందులు మీ అంతట మీరు ఆపొద్దు.

అపోహ: అయితే ఆహారంతో వైద్యమే లేదు.

వాస్తవం: ఉంది. క్రాన్స్ ఉన్న పిల్లలకు 6 నుంచి 8 వారాలు మామూలు తిండి ఆపి, పూర్తి పోషకాలున్న ద్రవాహారమే ఇస్తే చాలామందిలో వాపు దిగుతుంది. ఎదుగుదలను దెబ్బతీసే స్టెరాయిడ్లు లేకుండానే. కష్టమైన వైద్యమే, డైటీషియన్ పర్యవేక్షణ తప్పనిసరి. అల్సరేటివ్ కొలైటిస్‌లో మాత్రం దీనికి అంత ఆధారం లేదు.

పాలు అందరూ మానక్కర్లేదు, పాలలోని చక్కెర అయిన లాక్టోజ్ పడనివారు తగ్గిస్తే చాలు.

క్రాన్స్‌లో చిన్నపేగు చివరి భాగం తీసేయించుకున్నవారికి ఇంకో మాట. విటమిన్ బి12 ఒంటికి పట్టేది అక్కడే. ఆ భాగం ఎక్కువగా తీసేస్తే తిండి ఎంత మంచిదైనా అది సరిపడా అందదు. ఏటా రక్తపరీక్షలో బి12 చూపించుకోండి, తగ్గితే ఇంజెక్షన్లు మానకుండా తీసుకోండి.