డిగ్రీలో 'చిన్న పేపర్లు': అపోహలు - వాస్తవాలు

కోనసీమలో ఒక డిగ్రీ కాలేజీలో వృక్షశాస్త్రం చెబుతాను. అన్ని గ్రూపులకీ కామన్‌గా ఉండే పేపర్లు కూడా నా నెత్తినే ఉన్నాయి: పర్యావరణ విద్య, కమ్యూనికేషన్, మానవ విలువలు, స్కిల్ కోర్సులు. మేజర్ (ప్రధాన సబ్జెక్టు) క్లాసుకి నిండుగా వచ్చే పిల్లలు వీటికి వచ్చేసరికి పలచబడిపోతారు. కారణం అడిగితే ఏటా అవే మాటలు. ఒక్కోటీ చూద్దాం.

అపోహ: "మెయిన్ గట్టెక్కితే చాలండీ, ఇవి పోయినా పట్టా ఇచ్చేస్తారు."

ఇవ్వరు. ఇప్పుడు డిగ్రీ లెక్కంతా క్రెడిట్లతోనే. ఒక క్రెడిట్ అంటే సెమిస్టర్‌లో 15 గంటల పాఠం, ప్రాక్టికల్ అయితే 30 గంటలు. యూనివర్సిటీలకి నియమాలు పెట్టే కేంద్ర సంస్థ యూజీసీ 2022 డిసెంబరులో ఇచ్చిన నమూనాలో మూడేళ్ల డిగ్రీకి 120 క్రెడిట్లు, నాలుగేళ్ల ఆనర్స్‌కి 160. ఆ 120లో మేజర్ వాటా 60, మైనర్‌ది (రెండో సబ్జెక్టుది) 24. వేరే శాఖల కోర్సులకి 9, భాషలకి 8, స్కిల్ కోర్సులకి 9, పర్యావరణం, విలువల్లాంటి వాటికి 6 నుంచి 8. మిగతాది ఇంటర్న్‌షిప్. అంటే మనం చిన్నచూపు చూసేవన్నీ కలిపితే డిగ్రీలో నాలుగో వంతు దాటిపోతాయి.

మన రాష్ట్రంలో పేపర్ల పేర్లు, అంకెలు బ్యాచ్‌ని బట్టి మారుతున్నాయి. 2020లో చేరినవాళ్లకి లైఫ్ స్కిల్, స్కిల్ డెవలప్‌మెంట్ కోర్సులు వచ్చాయి. 2023లో సింగిల్ మేజర్ పద్ధతి వచ్చింది. కాబట్టి పక్కింటి అన్నయ్య చెప్పిన లెక్క మీకు సరిపోదు, మీ బ్యాచ్ రూల్స్ కాగితమే చూడాలి. మేజర్‌లో మంచి మార్కులు తెచ్చుకుని, ఒక్క రెండు క్రెడిట్ల పేపర్ మిగిలిపోయి, పీజీ సీటు వదులుకున్న పిల్లలు ప్రతి కాలేజీలోనూ ఉంటారు.

అపోహ: "మావాడు బీకాం కదండీ మాస్టారూ, వాడికి పర్యావరణం ఎందుకండీ? గైడు చదివేస్తే పోద్ది కదా!"

పాస్ వరకైతే గైడు చాలు, కాదనను. కానీ ఈ పేపర్ ఎవరో సరదాకి పెట్టింది కాదు. పర్యావరణ న్యాయవాది ఎం.సి. మెహతా వేసిన కేసులో సుప్రీంకోర్టు 1991లో పర్యావరణాన్ని అన్ని స్థాయుల్లో తప్పనిసరిగా బోధించమంది. ఏళ్లు గడిచినా కదలిక లేక కోర్టు మళ్లీ గట్టిగా అడిగాక, 2003లో యూజీసీ డిగ్రీవాళ్లందరికీ ఆరు నెలల కోర్సు సిలబస్ తయారుచేయించింది. అందులో బయటికి వెళ్లి చూసి రాయాల్సిన భాగం ఉంది: దగ్గర్లోని నది, అడవి, చెరువు, కాలుష్యం ఉన్న చోటు. చాలా కాలేజీలు సరిగ్గా ఆ ముక్కే ఎగ్గొట్టి, నిర్వచనాలు బట్టీ పట్టిస్తాయి. పిల్లలకి విసుగొచ్చిందంటే వాళ్ల తప్పేం లేదు.

కొల్లేరునే తీసుకోండి. 1999లో అభయారణ్యం, 2002లో రామ్‌సర్ (అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న చిత్తడి నేలల) జాబితా, 2006లో చేపల చెరువుల గట్లు కొట్టేయడం. ఈ మూడు ఏళ్లూ గైడులో ఉంటాయి. ఆకివీడు, కైకలూరు వైపు పిల్లాడు క్లాసులో ఉంటే మాత్రం కథ వేరేగా నడుస్తుంది. ఎకరం లీజు ఎంత, మేతకెంత, చెరువు నీళ్లు మురుగు కాలువలోకి ఎప్పుడు వదులుతారు, పక్కన వరి చేనుకి ఉప్పెక్కితే ఆ నష్టం ఎవరి ఖాతాలో రాయాలి? ఈ చివరి ప్రశ్నకి జవాబు వెతకాల్సింది బీకాం పిల్లాడే. చెరువు లాభం లెక్కలో ఆ చేను నష్టం ఎక్కడా కనపడదు మరి. జువాలజీ వాళ్లకి రొయ్య జబ్బులు తెలుస్తాయి, ఈ పద్దు తెలియదు.

అపోహ: "ఇంటర్‌లో చదివిందే మళ్లీ ఎంచుకుంటే మార్కులు ఈజీ."

వేరే శాఖల కోర్సుల కింద అది కుదరదు. ఇంటర్ స్థాయిలో చదివిన సబ్జెక్టును అక్కడ మళ్లీ తీసుకోకూడదని యూజీసీ నమూనాలోనే రాసి ఉంది.

అపోహ: "కడియం పిల్లలకి నర్సరీ కోర్సు చెప్పడమేంటి సార్, వాళ్లే మీకు చెబుతారు!"

అంటు కట్టడంలో నిజంగానే వాళ్లే చెబుతారు, చెప్పించుకుంటాను కూడా. కోర్సులో వాళ్లకి పనికొచ్చేది వేరే: మట్టి మిశ్రమం పాళ్లు ఎందుకలా ఉండాలి, మొక్కకి పడ్డ ఖర్చెంత, రికార్డు ఎలా రాయాలి.

అపోహ: "కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు అంటే బైండింగ్ షాపులో దొరికేదే కదా."

దొరుకుతుంది, నిజమే. ఒకే రిపోర్టు ఊరి పేరు మార్చుకుని నాలుగు మండలాలు తిరుగుతుంది కూడా! అది ఊళ్లో తిరిగి వివరాలు సేకరించి రాయాల్సిన 180 గంటల పని, నాలుగు క్రెడిట్లు. వైవాలో ఒక్క ప్రశ్న చాలు దొరికిపోవడానికి: మీ వీధిలో ఎన్నిళ్లలో తాగునీళ్ల టిన్ను కొంటున్నారు, నెలకెంత అవుతోంది? గుమ్మం ముందు కాలువ పారుతున్నా నీళ్లు కొనుక్కునే ఊళ్లు మనవి. ఇల్లిల్లూ తిరిగిన పిల్లకి నోటికి వస్తుంది, కొన్న రిపోర్టులో ఉండదు.

అపోహ: "అమెరికాలో ఇలాంటివి ఉండవండీ, మొదటి రోజు నుంచీ మెయినే."

మన జిల్లాలవాళ్లు బోలెడుమంది ఉన్న టెక్సస్‌నే చూడండి. అక్కడి ప్రభుత్వ యూనివర్సిటీల్లో డిగ్రీ చదివే ప్రతివాళ్లూ 42 క్రెడిట్ అవర్ల కోర్ కరికులం (అందరికీ కామన్ పేపర్లు) చేయాలి. కంప్యూటర్ సైన్స్ అయినా సరే, ఆరు అవర్లు అమెరికా చరిత్ర, ఆరు అవర్లు ప్రభుత్వ పాలన తప్పవు. మనవాళ్లు బీటెక్ అయ్యాక ఎంఎస్‌కి వెళ్తారు కాబట్టి ఇది వాళ్లకి కనపడదు.

పోనీ ఇదంతా విదేశీ సరుకా అంటే, మన దగ్గర కూడా పాతదే. 1948లో వేసిన విశ్వవిద్యాలయ విద్యా కమిషన్ డిగ్రీలో జనరల్ ఎడ్యుకేషన్ ఉండాలని గట్టిగా సిఫారసు చేసింది. దాని అధ్యక్షుడు సర్వేపల్లి రాధాకృష్ణన్, ఒకప్పుడు రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీలో పాఠాలు చెప్పినాయనే.

అపోహ: "మధ్యలో మానేస్తే అంతా గంగపాలే."

పెళ్లి కుదిరిందనో, గల్ఫ్ వీసా వచ్చిందనో డిగ్రీ ఆపేసే పిల్లలు కోనసీమలో తక్కువేం కాదు. యూజీసీ నమూనా ప్రకారం మొదటి ఏడాది 40 క్రెడిట్లు పూర్తయి, వేసవిలో నాలుగు క్రెడిట్ల వృత్తి కోర్సు చేస్తే సర్టిఫికెట్‌తో బయటికి రావచ్చు. మూడేళ్లలోపు తిరిగి చేరి, మొత్తం ఏడేళ్లలో డిగ్రీ ముగించవచ్చు. ఆ 40లో చిన్న పేపర్ల క్రెడిట్లూ ఉంటాయి, ఒక్కటి తగ్గినా లెక్క తెగదు. మీ యూనివర్సిటీ దీన్ని ఎంతవరకు అమలు చేస్తోందో ఆఫీసులో అడగండి. వెళ్లేముందు అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ (మీ క్రెడిట్లు దాచే ఆన్‌లైన్ ఖాతా) ఐడీ తీసి, డిజిలాకర్‌లో మీ పేపర్లన్నీ ఎక్కాయో లేదో చూసుకోండి. ఎక్కకపోతే ఊళ్లో ఉండగానే పరీక్షల విభాగంలో కాగితం పెట్టండి. కువైట్ నుంచి ఫోన్లు చేసి ఆ పని అవగొట్టుకోవడం కష్టం.