మూడు ముక్కలు, శేర్వ వద్దు

రెండేళ్ల కింద దసరా నాడు మా పెద్దనాయిన అందరితో కలిసి అన్నానికి కూర్చోలేదు. చండూరు దగ్గర వాళ్ల ఊర్లో ఇంటినిండా చుట్టాలు. వంటింట్లోంచి మటన్ వాసన వస్తుంటే ఆయన వాకిట్లో మంచం మీద అటు తిరిగి పడుకున్నాడు. నేను పోయి పిలిస్తే "నాకు ఆకలైతలేదు బిడ్డా, మీరు కానియ్యిండ్రి" అన్నాడు.

ఆకలి కాక కాదు. అప్పటికి ఆయనకు 62 ఏళ్లు, రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీలు బయటికి పంపాల్సిన వ్యర్థం) 2.8. దాన్నుంచి లెక్కగడితే ఈజీఎఫ్ఆర్ 24 దగ్గర వస్తుంది. కిడ్నీలు నిమిషానికి ఎన్ని మిల్లీలీటర్లు వడకడుతున్నాయో చెప్పే అంచనా అది. 90, ఆపైన ఉంటే మామూలు. మూడు నెలలకు మించి 60 కంటే కిందనే ఉంటే దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు అంటారు. 15 నుంచి 29 మధ్యన ఉంటే నాలుగో దశ. పెద్దనాయిన అక్కడున్నాడు. ఒకరు పండ్లు వద్దన్నారు, ఇంకొకరు పప్పు వద్దన్నారు, పక్కింటాయన మాంసం ముట్టొద్దన్నాడు. అన్నీ కలిపి పాటించి ఏడాదిలో ఎనిమిది కిలోలు తగ్గాడు. ఆ తగ్గింది కొవ్వు కాదు, చాలావరకు కండ. చేతులు చూస్తేనే తెలిసేది.

ఒక విషయం ముందే చెప్తాను. ఈ జబ్బులో పథ్యం అంటే వద్దన్నవాటి చిట్టా కాదు. రెండు కిడ్నీలు కలిసి రోజుకు సుమారు 180 లీటర్లు వడకడతాయి. అందులో లీటరున్నరో రెండు లీటర్లో మూత్రంగా పంపి, మిగిలినదంతా మళ్లీ రక్తంలోకే తీసుకుంటాయి. అలా తీసుకునేటప్పుడే ఏది ఎంత ఉంచుకోవాలో, ఏది ఎంత పంపెయ్యాలో లెక్క చూస్తాయి. నిన్న తొక్కు ఎక్కువ తిన్నామా, ఇవాళ ఉప్పు ఎక్కువ పోతుంది. పొద్దున రెండు అరటిపండ్లు తిన్నామా, సాయంత్రానికల్లా ఆ పొటాషియం బయటపడుతుంది. బాగున్న కిడ్నీ మనం ఏం తిన్నా ఇలా సర్దేస్తుంది. జబ్బు పడ్డ కిడ్నీకి పోయేది ఈ సర్దే శక్తే. అప్పటిదాకా అది చేసిన లెక్కను ఇకమీదట వంటింట్లో మనం చెయ్యాలి. లెక్క చేసుకుంటే పండుగ నాటి ముక్కకు కూడా చోటు దొరుకుతుంది. చెయ్యకపోతే రోజూ తినే పచ్చడి మెతుకులే చేటు చేస్తాయి.

మా ఇంట్లో చేటు చేసింది మటన్ కాదు, ఉప్పు ప్యాకెట్టు. బీపీకి మంచిదని మా అన్న హైదరాబాద్ నుంచి సోడియం తక్కువున్న ఉప్పు తెచ్చిపెట్టాడు. ప్రేమతోనే తెచ్చాడు. పెద్దమ్మ రెండు నెలలు అదే వాడింది. చలికాలంలో మామూలు రక్తపరీక్ష చేయిస్తే పొటాషియం 6.1 వచ్చింది. ఉండాల్సింది 3.5 నుంచి 5 మధ్యన. ఆయనకు నొప్పి లేదు, జ్వరం లేదు, కాళ్లు కొంచెం గుంజుతున్నాయని అన్నాడు, అంతే. ఆ రాత్రే ఆసుపత్రిలో చేర్చి, ఈసీజీ తీసి, ఇంజెక్షన్లు ఇచ్చారు. రెండు రోజులు అక్కడే ఉన్నాం. ఇంటికొచ్చాక ప్యాకెట్ వెనక చదివితే కనిపించింది: సోడియం తగ్గించిన చోట పొటాషియం క్లోరైడ్ కలిపారు. బాగున్నవాళ్లకు అది మంచి ఉప్పే. పెద్దనాయినకు కాదు. నేను ఇంటర్ పిల్లలకు బయాలజీ చెప్తాను, బోర్డు మీద నెఫ్రాన్ బొమ్మ వేసీ వేసీ చెయ్యి అరిగింది. ఆ ప్యాకెట్ వెనక్కి తిప్పి మాత్రం ఒక్కసారీ చూడలేదు. ఆ బాధతోనే ఇది రాస్తున్నాను.

పొటాషియం పెరిగితే ఎందుకంత భయం? ఒంట్లో ఉన్న పొటాషియంలో దాదాపు 98 శాతం కణాల లోపలే ఉంటుంది. రక్తంలో తిరిగేది మిగిలిన కొంచెమే. లోపలికీ బయటికీ ఉన్న ఈ తేడా వల్లే గుండె కండరంలో కరెంటు పుట్టి, గుండె లయ తప్పకుండా కొట్టుకుంటుంది. రక్తంలో పొటాషియం పెరిగేకొద్దీ ఆ తేడా తగ్గి లయ చెడుతుంది, ఒక్కోసారి గుండె ఆగిపోతుంది కూడా. ముందుగా హెచ్చరించే లక్షణం ఉండకపోవచ్చు. అందుకే నోటి రుచినీ ఒంటి తీరునూ నమ్ముకుని కూర్చోవద్దు, డాక్టర్ చెప్పిన గడువుకు రక్తపరీక్ష చేయించుకోవాలి.

అలాగని కిడ్నీ జబ్బున్న ప్రతి ఒక్కరూ పండ్లకు దండం పెట్టాల్సిన పని లేదు. రిపోర్టులో పొటాషియం హద్దులో ఉన్నవాళ్లకు కోత అక్కర్లేకపోవచ్చు, పండ్లూ కూరగాయలూ వాళ్లకు మంచే చేస్తాయి. పెరిగినవాళ్లకు మాత్రం డైటీషియన్లు చాలాసార్లు రోజుకు 2 నుంచి 3 గ్రాముల లోపు పెట్టుకోమంటారు. ఆ లెక్కలో ఒక అరటిపండు 400 మిల్లీగ్రాములు తింటుంది. కొబ్బరి బొండం 600 దాటుతుంది. మన దగ్గర ఆసుపత్రికి చూడటానికి వచ్చేవాళ్లు తెచ్చేవే బత్తాయిలు, బొండాలు! నల్గొండ బత్తాయి ఒకటి వలిచి నాలుగు తొనలు తింటే ఏమీ కాదు. జ్యూస్ తీస్తే గ్లాసుకు మూడు నాలుగు కాయలు పడతాయి, అది రెండు గుక్కల్లో లోపలికి పోతుంది. తొనలు తినండి, జ్యూస్ వద్దు. అడ్డంగా కోస్తే నక్షత్రంలా కనిపించే స్టార్ ఫ్రూట్ విషయంలో మాత్రం ఏ లెక్కా లేదు, ఒక్క ముక్క కూడా ముట్టొద్దు. అందులో మెదడును దెబ్బతీసే విషం ఉంది. దాన్ని బయటికి పంపాల్సింది కిడ్నీయే. ఎక్కిళ్లతో మొదలై ఫిట్స్, ప్రాణాపాయం దాకా పోయిన కేసులున్నాయి.

ఎంత తింటున్నామనేది ఎంత ముఖ్యమో సద్దుల బతుకమ్మ నాడు నాకు బాగా అర్థమైంది. చింతపండులో పొటాషియం ఎక్కువని విని పెద్దమ్మ చింతపండు సద్ది ఆయనకు పెట్టనే లేదు. 100 గ్రాముల చింతపండులో 600 మిల్లీగ్రాములకు పైనే ఉంటుంది, నిజమే. కానీ 100 గ్రాములు ఎవరు తింటారు? ఒక మనిషి వంతుకు వచ్చేది 10 గ్రాములు అనుకుందాం, అంటే 60 మిల్లీగ్రాములు. తెల్లన్నంలో ఎలాగూ పొటాషియం తక్కువ. అసలు చూసుకోవాల్సింది పల్లీల సద్ది, నువ్వుల సద్ది. వనపర్తి, గద్వాల పల్లీలు ఎంత రుచిగా ఉన్నా గుప్పెడు, అంటే 30 గ్రాములు తింటే 200 మిల్లీగ్రాముల పొటాషియం, 100కు పైగా ఫాస్ఫరస్ (కిడ్నీ బయటికి పంపాల్సిన ఇంకో ఖనిజం). పొడి కొట్టి కలిపితే గుప్పెళ్లు గుప్పెళ్లు తెలియకుండానే దిగిపోతాయి. ఇప్పుడు మేం చేసేది ఇది: ఉప్పు తగ్గించి కలిపిన నిమ్మకాయ సద్దో చింతపండు సద్దో కడుపుకు సరిపడా, పెరుగు సద్ది ఒక పిడికెడు, నువ్వులదీ పల్లీలదీ నాలుక మీద పెట్టుకునేంత. మలీదలో బెల్లం ఉంటుంది. చక్కెర కంటే బెల్లంలో పొటాషియం ఎక్కువ, షుగర్ ఉన్నవాళ్లకైతే రెండూ ఒకటే. పెద్దనాయినకు షుగర్ లేదు కాబట్టి చిన్న ముద్ద ఇస్తాం.

మంచివని పేరున్న తిండ్లు ఈ జబ్బులో ఇట్లా అడ్డం తిరగడం చాలామందిని గందరగోళపెడుతుంది. జొన్నరొట్టెలో తెల్లన్నం కంటే పొటాషియం, ఫాస్ఫరస్ ఎక్కువ. అయినా గింజల్లోని ఫాస్ఫరస్ చాలావరకు ఫైటేట్ రూపంలో ఉంటుంది, మన పేగులు దాన్ని పూర్తిగా పీల్చుకోలేవు. కూల్‌డ్రింకుల్లో, ప్యాకెట్ మాంసంలో కలిపే ఫాస్ఫేట్ మాత్రం దాదాపు మొత్తం ఒంటికి పడుతుంది. నల్లటి కోలా తాగుతూ జొన్నరొట్టె మానేయడం తెలివైన పని కాదని నా అభిప్రాయం. ఫాస్ఫరస్ పెరిగితే ఒళ్లంతా దురద, లోపల ఎముకల్లోంచి కాల్షియం కరిగిపోవడం. ఆ దురదతో రాత్రుళ్లు నిద్రలేక కూర్చునేవాళ్లను నేను చూశాను.

ఇక ఉప్పు. మొత్తం రోజుకు 5 గ్రాములు, అంటే ఒక చిన్న చెంచాడు, అందులోనే తొక్కు, అప్పడం, ఊరమిరపకాయ అన్నీ కలిసిపోవాలి. ఉప్పు తగ్గితే బీపీ, వాపు తగ్గుతాయి, దాహం కూడా తగ్గుతుంది. నీళ్లకు హద్దు పెట్టినవాళ్లకు ఇది పెద్ద ఊరట. సంక్రాంతికి సకినాల పిండి కలిపేటప్పుడు పెద్దమ్మ ఇప్పుడు రెండు గిన్నెలు పెడుతుంది. పెద్దనాయిన గిన్నెలో వాము, నువ్వులు మామూలుగానే, ఉప్పు సగం. వాము ఘాటుకు ఉప్పు తక్కువైన సంగతి పిల్లలు కూడా గుర్తుపట్టలేదు.

కూరగాయల విషయంలో మన పాత అలవాటు ఒకటి బాగా పనికొస్తుంది: వార్చడం. పొటాషియం నీళ్లలో కరుగుతుంది. ఆలుగడ్డను చిన్న ముక్కలు కోసి, ఎక్కువ నీళ్లలో ఉడకబెట్టి, ఆ నీళ్లు పారబోసి, తర్వాత తాలింపు వేసుకుంటే సగం దాకా పొటాషియం పోతుంది. చామగడ్డకైనా ఇదే పద్ధతి. కుక్కర్లో కూర వండితే ఆ నీళ్లన్నీ కూరలోనే ఉండిపోతాయి.

మటన్ సంగతి కూడా ఇంతే. ముక్కలను ముందు విడిగా నీళ్లలో ఉడికించి ఆ నీళ్లు పారబోస్తే పొటాషియం, ఫాస్ఫరస్ కొంత పోతాయి, మాంసకృత్తులు చాలావరకు ముక్కలోనే ఉంటాయి. మామూలుగా వండితే ఆ దిగినవన్నీ ఉప్పుతో కలిసి శేర్వలో చేరతాయి. నీరసంగా ఉన్నవాళ్లకు బలమని మనం గిన్నెడు పోసేది ఆ శేర్వనే. పెద్దనాయినకు ముక్క పెడతాం, శేర్వ పొయ్యం. కార్జంలో ఫాస్ఫరస్ మామూలు ముక్క కంటే బాగా ఎక్కువ, అది మానేశాం.

ఎన్ని ముక్కలు? డయాలసిస్ దాకా పోని దశలో మాంసకృత్తులు కిలో బరువుకు 0.6 నుంచి 0.8 గ్రాముల మధ్య చాలంటారు. 60 కిలోల మనిషికి రోజుకు 36 నుంచి 48 గ్రాములు. ఉడికిన మటన్ 60, 70 గ్రాములు, అంటే మూడు మధ్యరకం ముక్కలు, 15 గ్రాములకు కొంచెం పైన. ఆ రోజు పప్పు, గుడ్డు, రాత్రి పాలు పక్కన పెడితే లెక్క సరిపోతుంది. మిగిలిన కడుపు అన్నంతో నిండాలి, ఒంటికి శక్తి చాలకపోతే అది కండనే కరిగించుకుంటుంది. మొదట్లో ఎనిమిది కిలోలు తగ్గింది అట్లనే.

డయాలసిస్ మొదలైతే ఈ లెక్క తిరగబడుతుంది. చాలా ఇళ్లకు ఈ మాట చేరలేదు, అందుకే గట్టిగా చెప్తున్నాను. వారానికి మూడుసార్లు, నాలుగేసి గంటలు రక్తం యంత్రంలో తిరిగినప్పుడు చెత్తతో పాటు ఒక్కో విడతకు సుమారు 6 నుంచి 12 గ్రాముల అమైనో ఆమ్లాలు, అంటే మాంసకృత్తులు తయారయ్యే ముడిసరుకు, కూడా కొట్టుకుపోతాయి. వాళ్లకు కిలోకు 1 నుంచి 1.2 గ్రాముల మాంసకృత్తులు కావాలి. నిన్నటిదాకా వద్దన్న గుడ్డును ఇవాళ తినమంటారు. తెల్లసొనలో ఫాస్ఫరస్ నామమాత్రం, కాబట్టి అదే మొదటి ఎంపిక. పాత పథ్యాన్నే పట్టుకుని డయాలసిస్ మీద ఎండిపోతున్న మనిషి మీ ఇంట్లో ఉంటే, వచ్చే విడతకు పోయినప్పుడు ఈ సంగతి అడగండి. పొటాషియం, ఉప్పు, నీళ్ల హద్దులు మాత్రం డయాలసిస్‌లోనూ ఉంటాయి. రెండు విడతల మధ్య ఎడం ఎక్కువ వచ్చే రోజుల్లో ఇంకా జాగ్రత్తగా ఉండాలి.

మన ప్రాంతం గురించి ఒక మాట. నీళ్లలోని ఫ్లోరైడ్‌ను పటికతో, సున్నంతో తీసే పద్ధతికి 'నల్గొండ టెక్నిక్' అని పేరు పడిందంటేనే ఇక్కడి నీళ్ల కథ తెలుస్తుంది. ఒంట్లో చేరిన ఫ్లోరైడ్‌ను బయటికి పంపేది కూడా ఎక్కువగా కిడ్నీలే. అవి మందగిస్తే అది ఎముకల్లో ఇంకా పేరుకుంటుంది. కాబట్టి కిడ్నీ జబ్బున్న ఇంట్లో బోరు నీళ్లు తాగొద్దు, కృష్ణా నీళ్లు వస్తే అవే పట్టుకోవాలి. ఇంకో సంగతి, కీళ్లు గుంజుతున్నాయని ఏళ్ల తరబడి మింగే నొప్పి గోలీలు. ఆ గోలీల్లో చాలా రకాలు కిడ్నీకి రక్తం అందించే సన్న నాళాలను బిగిస్తాయి. పెద్దనాయిన పదేళ్లు మింగాడు. ఆయన కిడ్నీలు దానివల్లే పోయాయని నేను అననుగానీ, ఇప్పుడు మాత్రం డాక్టర్‌ను అడగకుండా ఒక్క గోలీ వెయ్యనివ్వం.

పోయిన దసరాకు పెద్దమ్మ ఆయన కంచంలో మూడు ముక్కలు వేసి, శేర్వ గిన్నె నా వైపు జరిపి, "ఇగో, లెక్కవెట్టి పెట్టిన, రాండ్రి తిందురు" అంది. ఆయన ఒక్కో ముక్క నమలడానికి ఎంతసేపు తీసుకున్నాడో! అందరం లేచినా ఆయన ఇంకా తింటూనే ఉన్నాడు. మొన్న కార్తీకంలో బాలానగర్ సీతాఫలాలు తీసుకుపోయాను. ఆపిల్‌తో పోలిస్తే పొటాషియం రెండింతల పైనే, అందుకే సగం పండే ఇచ్చాను. ఆ నెల రిపోర్టులో పొటాషియం 4.6. సగం పండు తిని గింజలన్నీ అరచేతిలో పోసుకుని, "మిగిలిన సగం రేపటికి దాచు బిడ్డా, రేపు అరటిపండు తినను" అన్నాడు.