దిద్దుబాటు యుద్ధాలు: మూడుసార్ల లెక్క ఎలా పుట్టింది?

వికీపీడియాలో ఒకరు రాసింది మరొకరు తీసేయడం, మొదటివారు మళ్లీ పెట్టడం, అది మళ్లీ ఎగిరిపోవడం. దీన్నే దిద్దుబాటు యుద్ధం అంటారు. 2001 జనవరిలో మొదలైన నాటి నుంచీ అక్కడ దాదాపు ఏ పేజీనైనా ఎవరైనా మార్చవచ్చు, పాత కూర్పులన్నీ పేజీ చరిత్రలో ఉంటాయి. ఎవరో చెడగొట్టిన పేజీని క్షణాల్లో బాగుచేయగలిగేది అందుకే. గంటలు కూర్చుని రాసినదాన్ని ఒక్క క్లిక్కుతో తిరగ్గొట్టగలిగేదీ, అంటే రద్దుచేసి పాత కూర్పును తెచ్చిపెట్టగలిగేదీ అందుకే.

తొలిరోజుల్లో పెద్ద తగాదాలు స్థాపకుల్లో ఒకరైన జిమ్మీ వేల్స్ దాకా వెళ్లేవి. రాసేవాళ్లు పెరిగేకొద్దీ అది ఒక్కరి వల్ల అయ్యే పని కాకుండాపోయింది. 2004లో ఇంగ్లీషు వికీపీడియాలో మధ్యవర్తిత్వ సంఘం పని మొదలుపెట్టింది. ఆ ఏడాది చివర్లోనే మూడు తిరగ్గొట్టుల నియమం వచ్చింది: ఒకే పేజీలో 24 గంటల్లో మూడుసార్లకు మించి తిరగ్గొడితే ఖాతాను నిరోధించవచ్చు, అంటే మార్పులు చేయకుండా ఆపవచ్చు.

అప్పటి వేడి తెలియాలంటే గ్దాన్‌స్క్ గొడవ చూడాలి. ఈ పోలండ్ నగరానికి జర్మన్ పేరు డాన్‌జిగ్. ఏ పేరు వాడాలన్నదాని మీద తిరగ్గొట్టుళ్లు ఎంతకీ ఆగకపోతే, 2005లో ఓటింగ్ పెట్టి చరిత్రను కాలాలవారీగా పంచారు. 1454 నుంచి 1793 దాకా గ్దాన్‌స్క్, అక్కడి నుంచి 1945 దాకా డాన్‌జిగ్, ఆ తర్వాత మళ్లీ గ్దాన్‌స్క్. ఏ పక్షానికీ కోరిందంతా దక్కలేదు, కానీ పేజీ నిలబడింది.

అదే ఏడాది డిసెంబరులో పాక్షిక సంరక్షణ వచ్చింది. లాగిన్ కానివాళ్లు, కొత్త ఖాతాలవాళ్లు ఆ పేజీని మార్చకుండా అది ఆపుతుంది. పాత కాపులిద్దరూ పట్టుబడితే మాత్రం అది అక్కరకు రాదు. అప్పుడు నిర్వాహకులు పేజీకి పూర్తి తాళం వేస్తారు. ఆ క్షణానికి ఏ కూర్పు ఉంటే అదే మిగులుతుంది, అది సరైనదని వాళ్లు తేల్చినట్టు కాదు.

మూడుసార్ల లెక్కకూ లొసుగు దొరికింది. రోజుకు మూడు తమ హక్కన్నట్టు కొందరు వాడుకున్నారు, గడువు దాటగానే నాలుగోది కొట్టారు. అందుకే ఆ అంకె హక్కు కాదని, మూడు దాటకపోయినా యుద్ధం చేస్తే నిరోధం తప్పదని నియమంలోనే రాశారు. నా దృష్టిలో అసలైన మార్పు అది. వారాల తరబడి మెల్లగా సాగే పోరు 24 గంటల లెక్కకు చిక్కదు, నిజాయితీగా రాసేవాళ్లను విసిగించి పంపేసేది మాత్రం ఆ పోరే.

ఇప్పుడు ఫిర్యాదు చేసేవారు ఎదుటివారి తిరగ్గొట్టుల లింకులతో పాటు, తాము చర్చాపేజీలో (మార్పుల గురించి మాట్లాడుకునే పేజీలో) మాట్లాడి చూసిన లింకు కూడా ఇవ్వాలి. నిర్వాహకులు ఇద్దరి చరిత్రా చూస్తారు, ఒక్కోసారి ఇద్దరినీ నిరోధిస్తారు.