పాత జపాన్ బైక్ బ్రేకులు: అపోహలు, వాస్తవాలు

1970, 80ల నాటి 100, 125 సీసీ జపాన్ బైకులు బాగుచేయడం నా పని. బండి రాగానే ఓనర్ ఇంజన్ గురించి మొదలుపెడతాడు. నేను మాత్రం ముందు చక్రం దగ్గర కూర్చుంటాను.

అపోహ: డ్రమ్ బ్రేక్ అంటేనే సరిగా పట్టదు.

ఎక్కువగా వినేది ఇదే. నాకు బాధ కలిగించేదీ ఇదే. ఈ బైకుల బరువు 100 కిలోలకు కాస్త అటూఇటూ. ఆ బరువుకు సరిపోయేలా చేసిన బ్రేకే అది. పట్టడం లేదంటే ఎక్కువసార్లు సెట్టింగ్‌లోనే తేడా ఉంటుంది.

చక్రంతోపాటు తిరిగే డ్రమ్ లోపల, దాన్ని ఒత్తి ఆపే వంపు ముక్కలు రెండుంటాయి, వాటినే షూలంటారు. చక్రం తిరిగే ఊపుకి ఒక షూ దానంతటదే డ్రమ్‌కి ఇంకా గట్టిగా అతుక్కుంటుంది, రెండోదాన్ని డ్రమ్ వెనక్కి నెడుతుంది. ఎక్కువ పని చేసేది మొదటిదే కాబట్టి దాని లైనింగ్ (షూ మీది రాపిడి పొర) డ్రమ్‌కి నిండుగా ఆనాలి. కొత్త షూలు వేసినంత మాత్రాన అలా ఆనవు. డిస్క్‌కి మార్పించేద్దామని నిర్ణయించుకుని వచ్చిన ఒకాయన బండి విప్పాను. కొత్త లైనింగ్ మీద సుద్ద రాసి, చక్రం బిగించి, మెల్లగా బ్రేక్ నొక్కుతూ తిప్పి మళ్ళీ తీశాను. క్యామ్ (తిరిగి షూలను డ్రమ్‌కి నొక్కే ముక్క) వైపు బొటనవేలి గోరంత మేర సుద్ద చెరిగింది, మిగతాదంతా తెల్లగా అలాగే ఉంది. చెరిగిన చోట గరుకు కాగితంతో కొద్దిగా రుద్ది మళ్ళీ చూడటం, ఇలా నాలుగుసార్లు పట్టింది. చివర్లో యాక్సిల్ నట్ కాస్త లూజుగా ఉంచి, బ్రేక్ గట్టిగా పట్టుకునే నట్ బిగించాను. అలా చేస్తే షూలు డ్రమ్ మధ్యకు సర్దుకుంటాయి. స్పాంజిలా ఉన్న లివర్ గట్టిపడింది. డిస్క్ మాట ఆయన మళ్ళీ ఎత్తలేదు.

రుద్దేటప్పుడు మాస్క్ తప్పనిసరి. ఆ కాలపు పాత లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఎక్కువ. వాటిని రుద్దకండి, ఎయిర్ కొట్టి దుమ్ము లేపకండి. తడిగుడ్డతో తుడవండి.

అపోహ: బ్రేక్ బిగించే అడ్జస్టర్ నట్ చివరికి వచ్చేస్తే, క్యామ్ మీద ఆర్మ్‌ని (కేబుల్ లాగే చేతిని) ఒక పన్ను జరిపితే సరి.

ఇది ప్రమాదం. క్యామ్ మీద, ఆర్మ్ మీద చుక్క గుర్తులుంటాయి, అవి కలవాలి. బ్రేక్ పూర్తిగా పట్టినప్పుడు ఆర్మ్‌కీ కేబుల్‌కీ మధ్య కోణం 90 డిగ్రీల దగ్గర ఉండాలి. అది దాటితే ఎంత నొక్కినా బలం వృథా అవుతుంది. షూలు మరీ అరిగితే క్యామ్ పూర్తిగా తిరిగి, వెనక్కి రాకుండా ఇరుక్కుపోవచ్చు. అప్పుడు చక్రం లాక్ అవుతుంది. అడ్జస్టర్ అయిపోయిందంటే విప్పి చూడాల్సిన టైమ్ వచ్చినట్టే. ఈ సైజు బైకుల్లో సాధారణంగా కొత్త లైనింగ్ 4 మి.మీ. ఉంటుంది, 2 మి.మీ.కి వస్తే మార్చేయాలి. డ్రమ్ కూడా అరుగుతుంది. 110 మి.మీ. డ్రమ్ అయితే సాధారణంగా 111 దాకానే వాడాలి.

అపోహ: డిస్క్ ఉంటే చూసుకునే పనే లేదు.

బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమని పీల్చుకుంటుంది. డాట్ 3 రకం ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగదు. తేమ చేరాక 140 దగ్గరే మరగొచ్చు. రెండేళ్ళకోసారి మార్చండి. సిలికాన్‌తో చేసే డాట్ 5ని ఇందులో కలపకూడదు. రబ్బరు సీళ్ళకి పెట్రోల్, ఇంజన్ ఆయిల్ అస్సలు తగలనివ్వకండి, ఉబ్బిపోతాయి. లివర్ వదిలినా బ్రేక్ పట్టే ఉంటే, మాస్టర్ సిలిండర్‌లో సూదిమొనంత రిటర్న్ రంధ్రం పూడుకుపోయిందేమో చూడండి. వానలో ఆనాటి స్టీల్ డిస్క్ ఒక క్షణం ఆలస్యంగా పట్టుకుంటుంది, ముందే మెల్లగా నొక్కి ఆరబెట్టుకోవాలి.

అపోహ: స్క్రూ తల చెడిందంటే తుప్పే కారణం.

చాలాసార్లు తప్పు స్క్రూడ్రైవరే కారణం. జపాన్ స్క్రూలు మామూలు స్టార్ స్క్రూల్లా కనిపిస్తాయి కానీ వాటి కొలత జేఐఎస్ (జపాన్ పారిశ్రామిక ప్రమాణం) ప్రకారం ఉంటుంది. చాలావాటి తల మీద చిన్న చుక్క కూడా ఉంటుంది. జేఐఎస్ డ్రైవర్ ఒకటి కొనుక్కోండి.

ఇంకొక్క మాట. ముందు చక్రం తీసి బిగించిన ప్రతిసారీ బ్రేక్ ప్లేట్ (షూలు బిగించి ఉండే పళ్ళెం) మీద ఉన్న గాడిలో ఫోర్క్ మీది బొడిపె కూర్చుందో లేదో వేలితో తడిమి చూడండి. వెనక చక్రానికైతే ప్లేట్‌ని పట్టి ఉంచే రాడ్ బోల్టు, దాని స్ప్లిట్ పిన్ను చూడండి. ఇవి లేకుండా బ్రేక్ నొక్కితే ప్లేటే చక్రంతోపాటు తిరిగిపోతుంది.